చివరి భాగం వేయకండి

ట్రాఫిక్ రైల్వే కాలనీ, ఖరగ్‌పూర్.

ఇందుమతి గారికి నమస్కారం.

ఫోన్‌లో రాయడానికి భయమేసి కాగితం మీద రాస్తున్నాను. మీ ఆన్‌లైన్ రచయితల బృందంలో వస్తున్న నా సీరియల్ చివరి భాగం దయచేసి వేయకండి.

కథలోని రైల్వే ఊరంతా నా కల్పనేనని బృందంలో గొప్పగా చెప్పుకున్నాను. ఊరు కల్పనే. మొగుడి చేత దెబ్బలు తినే ఆ ఇల్లాలు మాత్రం మా పక్క క్వార్టర్‌లోని నూకరత్నం.

మొన్న ఆమె భర్త సింహాచలం మా గుమ్మంలో నిలబడి, "నీ కత ఫోన్లో సదువుతన్నాను సెల్లెమ్మా. ఆడది ఆకరికి ఎక్కడికి పోతాదేటి?" అని నవ్వాడు. మారుపేరుతో రాసినా ఎలా కనిపెట్టాడో తెలియదు. "ఇంకా రాయలేదన్నయ్యా" అన్నాను గానీ అప్పటికే అది మీకు పంపేశాను.

సంగతంతా నూకరత్నానికి చెప్పాను. ఆమె కోప్పడలేదు. "ఆకరి ముక్క నాకు సదివి ఇనిపించు వదినా" అంది. అందులో ఆ ఇల్లాలు, మొగుడు డ్యూటీకి వెళ్ళాక కూతుర్ని తీసుకుని, బట్టలు కుట్టే దుకాణం నడుపుతున్న చిన్ననాటి స్నేహితురాలి దగ్గరికి వెళ్ళిపోతుంది. నూకరత్నం ఆ ముక్క మళ్ళీ చదివించుకుంది. తర్వాత, "అలాటి నేస్తురాలు నాకూ ఉన్నాది. ఈడికి తెల్దు" అంది.

ఈ ఉదయం సింహాచలం వర్క్‌షాపుకి వెళ్ళగానే తల్లీకూతుళ్ళని నేనే బండెక్కించాను. చేరినట్టు ఇంకా కబురు రాలేదు. అతను ఇంటికొచ్చే వేళయింది. బయట సైకిల్ చప్పుడైనప్పుడల్లా నా చెయ్యి ఆగిపోతోంది.

మీ దగ్గరున్న ప్రతి కూడా తీసేయండి. ముగింపు ఏమైందని పాఠకులు అడిగితే, రాసే ఆవిడకి ఇంకా తోచలేదట అని చెప్పండి. అడిగేవాళ్ళలో అతనూ ఉంటాడు.