నాకు చెప్పని కార్డు

బావా,

రేపు నీ సంవత్సరీకం. పొద్దున మన హనుమకొండ ఇంటికి ఇద్దరు రికవరీవాళ్లు వచ్చారు. నీ పాత క్రెడిట్ కార్డు బాకీ కట్టమని వాడకట్టంతా వినేలా అరిచారు. నీకు ఆ కార్డు ఉందనే నాకు తెలియదు.

"మొగడు వాడుకుంటే పెండ్లాం కట్టదా?" అన్నాడొకడు.

రేపటి పనుల్లో సాయానికని అప్పుడే రజిత వచ్చింది, ఎనుమాముల మార్కెట్లో నీతో పనిచేసిన రజిత.

"ఆయన లేడు. ఆ కార్డు ఆయన ఒక్కని పేరు మీదనే ఉండె. ఆమె సంతకం యాడున్నదో చూపియ్యుండ్రి. లేకుంటే ఠాణాకు పోదాం పాండ్రి" అంది.

వాళ్లు గొణుక్కుంటూ బండెక్కి పోయారు.

"ఈ బాకీ సంగతి నీకెట్ల తెలుసు?" అని అడిగాను.

"అప్పట్ల మార్కెట్ కాడికి గూడ వచ్చేటోళ్లక్కా. నువ్వు ఫికర్ పడ్తవని అన్న నీకు చెప్పనియ్యలే."

చాయ్ పోసిచ్చాను. ఆమె తాగుతుంటే నాకు కడుపు మండింది. మీ ఇద్దరి మీద నాకే అనుమానమూ లేదు. కానీ నువ్వు భయపడితే ఎలా ఉంటావో ఆమె చూసింది. నేను చూడలేదు. ఇంటికి మాత్రం నవ్వుకుంటూ వచ్చేవాడివి.

ఆ ఫికర్ నాది బావా. ఆమెకెందుకిచ్చావు?