అల్సీడ్ పేరున వచ్చిన ఉత్తరాలు

నా టీబో,

సముద్రంలో మనం ప్రభుత్వం దగ్గర కౌలుకు తీసుకున్న ఆల్చిప్పల మడి పోయింది నాన్నా. తప్పు నాదే. మీ అన్న అల్సీడ్ నీళ్లలో మునిగి చనిపోయాక ప్రభుత్వం నుంచి వాడి పేరున మూడు ఉత్తరాలు వచ్చాయి. వాణ్ణి ఇంకా ఎవరో పిలుస్తున్నట్టు అనిపించి, విప్పకుండా వాడి దిండు కింద పెట్టుకున్నాను. అవి మడి అద్దె కట్టమని రాసినవట.

మొన్న చూస్తే, పక్క మడి ఓవీడ్ మన హద్దు గుర్తుకర్రలు పీకి తనవి పాతుతున్నాడు.

"కళ్లు కనబడటం లేదట్రా, అది మా మడి" అన్నాను.

"అద్దె కట్టలేదని మీ కౌలు కొట్టేశారు పెద్దమ్మా. ఇప్పుడది నా పేరున ఉంది. అల్సీడ్ వేసిన పిల్లచిప్పలు బాగా ఎదిగాయి, ఒక బస్తా పంపనా?" అన్నాడు తల దించుకుని.

సరేనని తల ఊపి వచ్చేశాను.

వేసవికి వచ్చేసి అన్న మడి చూసుకుంటానన్నావు. ఇక రావద్దు, ఆ చమురు బావి దగ్గర పని మానకు. వేళకు కడుపునిండా తిను నాన్నా.