నరసింగరావు కట్టిన పైకప్పు

సైనిక నిర్మాణాల అధికారి వారి సముఖమునకు,
చీపురుపల్లి దగ్గరి పల్లె రైతు గొర్లె సూరయ్య రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: శిలాఫలకం పగిలినందుకు క్షమాపణ పత్రం ఇవ్వనని తెలియజేయుట, పైకప్పు కూలినందుకు బాధ్యుల పేర్లు కోరుట.

1. ఒడిశా తీరంలోని శిబిరంలో జవానుగా పనిచేసిన రమేష్‌బాబు నా కొడుకు. కిందటి వానాకాలంలో, డ్యూటీ దిగి మధ్యాహ్నం నడుం వాల్చిన వేళ, బ్యారక్ పైకప్పు కూలి మరణించాడు. కొత్తగా కట్టిన భవనమది. విచారణలో కారణం ‘అధిక వర్షపాతం’ అని తేల్చారు. అదే శిబిరంలోని పాత పెంకుల వంటశాలకు ఆ వానలో ఏమీ కాలేదు.

2. అంతకుముందు వాడు ఫోను చేశాడు.

“నాన్నా, పైనుంచి పెచ్చులు రాల్తన్నాయి. మంచాలు పక్కకి జరుపుకుని పండుకుంతన్నాం.”

“పెద్దోళ్లకి సెప్పలేదేట్రా?” అన్నాను.

“సెప్పినాం. బిల్లు పాసయిపోనాది, ఇంకేటి సేస్తాం అన్నారు.”

ఆ మాట అన్నది ఎవరో నాకు తెలియదు. తమకు తెలుసు.

3. సదరు భవనాన్ని గుత్తేదారు నరసింగరావు నాలుగు కోట్లకు ఒప్పుకున్నాడు. పూర్తయ్యేసరికి పదకొండు కోట్లయింది. ఇనుము ధర పెరిగిందని ఒకసారి, నేల మెత్తగా ఉందని ఒకసారి, పని ఆలస్యమైందని మరొకసారి పెంచారు. ఆలస్యం చేసినది ఆయనే. పెంచిన ప్రతిసారీ సంతకం పెట్టినది తమ కార్యాలయమే. నా కొడుకును బయటికి తీసినవాళ్లు, ఆ కాంక్రీటు చేత్తో నలిపితే ఇసుకలా రాలిందని చెప్పారు.

4. ఈ నరసింగరావే మా ఊరి బడి ఎదుట స్మారకం కట్టించాడు. మమ్మల్ని అడగలేదు. ఆవిష్కరణకు తమరు విచ్చేశారు. తెర తీయగా శిలాఫలకం మీద నా కొడుకు పేరు కింద, అంతకంటే పెద్ద అక్షరాలతో ‘దాత నరసింగరావు’ అని ఉంది. ఆయన నా భార్య చిన్నతల్లి దగ్గరికి వచ్చి, “అమ్మా, మీ అబ్బాయి పేరు నిలబెట్టాను” అన్నాడు.

“పేరు నిలబెట్టినావా? కప్పు నిలబెట్టలేకపోనావేటి?” అని ఆమె అడిగింది.

ఆయన తమవైపు చూశాడు. తమరు గడియారం చూసుకున్నారు. చిన్నతల్లి పందిరివాళ్ల గునపం అందుకుని దాత పేరు పొడిచేసింది. కొడుకు పేరు మీద గీత కూడా పడలేదు. ఆపమని తమరు నన్ను కేకవేశారు. నేను ఆపలేదు.

ఇందుకు క్షమాపణ రాసివ్వకుంటే కేసు తప్పదని తాఖీదు పంపారు. రాయను. పెట్టుకోండి కేసు. కోర్టులో మేమిద్దరం మా పేర్లు చెప్పుకుంటాం. ఆ సంతకాలు పెట్టినవారు కూడా వచ్చి తమ పేర్లు చెప్పుకోవాలి. కూలిన బ్యారక్ తిరిగి కట్టే పని కూడా నరసింగరావుకే ఇచ్చారట. సిగ్గు అనే దానికి తమ కార్యాలయంలో ఏ పద్దు కింద మంజూరు ఉన్నదో తెలుపగలరు.

5. పక్క బ్యారక్ కూడా నరసింగరావు కట్టినదే. అందులో నా కొడుకు స్నేహితుడు, ఆమదాలవలస కుర్రాడు ధనరాజు, తోటి జవాన్లు ఇంకా ఉంటున్నారు. అక్కడా పెచ్చులు రాలుతున్నాయని అతడు ఫోనులో చెప్పాడు. వారిని తక్షణం ఖాళీ చేయించవలెను. మిగతా సంగతులు తమ తీరికను బట్టి చిత్తగించినా సరే, దీనికి మాత్రం తీరిక చూడరాదు.

విధేయుడనని రాయడానికి చేయి రావడం లేదు.

గొర్లె సూరయ్య,
రమేష్‌బాబు తండ్రి

తా.క.: పై అర్జీ చదివి వినిపిస్తే చిన్నతల్లి ఈ ముక్క రాయమంది. “బాబూ, గునపం ఎత్తింది నేను. జైలుకి నన్ను తోలీ. ముందు ఆ పిల్లల్ని బయటికి తీయించు. నీ కాళ్లు పట్టుకుంతాను. మబ్బు పట్టీసినాది బాబూ, బేగి.”