ట్రాక్టర్ నడిపేది ఎవరు

అమ్మా బిందుమాధవీ,

బుల్లయ్యగారి చేలో నీ ట్రాక్టర్ దిగబడితే గట్టుమీద మగాళ్ళంతా నవ్వారటగా. ఇక స్టీరింగ్ ముట్టనన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు.

అది విని, పాత నోట్లు పోగుచేసే మీ మామయ్య ఆల్బంలోంచి ఐదు రూపాయల నోటు తీశారు. దాని వెనక పొద్దు పొడుస్తుంటే ఎవరో ట్రాక్టర్‌తో దున్నుతున్నారు.

"దేశానికి అన్నం పెట్టే రైతన్నకి గుర్తే ఇది," అన్నారు.

నేను భూతద్దం పెట్టి చూశాను.

"మగాడని ఎక్కడుందండీ? మొహమే తెలియట్లేదు. ఇది మన బిందూనే!"

ఆయన నవ్వలేదు. ఆ నోటు నీకే పంపమన్నారు, కవర్లో పెట్టి ఇప్పుడే మనిషి చేత పంపుతున్నాను.

మన మిరప చేను దున్నడానికొచ్చిన వీరాంజనేయుల్ని కూడా వెనక్కి పంపేశారు. నిన్నటి వానకి నేల మంచి పదునుమీద ఉంది. ఆరిపోకముందే ట్రాక్టర్ వేసుకుని వచ్చెయ్, తల్లీ.

నీ మేనత్త