తూము కాపరి కళ్ళు

చిరంజీవి మనవరాలిని అమ్మమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరమూ క్షేమం. అందరమూ అంటే నేనూ, నా రెండు మోకాళ్ళూ. అక్కడ నువ్వు కూడా క్షేమమనీ, వేళకు ఇంత తింటున్నావనీ నమ్ముతున్నాను. నమ్మడానికి కష్టమేముంది.

నువ్వడిగినవాటికి జవాబులు. మందులు వేసుకుంటున్నాను. కొత్త కళ్ళజోడు బాగుంది. ఎదురింటావిడ ముఖం స్పష్టంగా కనబడుతోంది, అదొక్కటే నష్టం. మూడో ప్రశ్నకు మాత్రం వారం పట్టింది.

పాత పిండిమరను ప్రదర్శనశాల చేస్తున్నారనీ, చలికాలపు పిండిమర అని నేను చెక్కి అచ్చు వేసిన బొమ్మను గుమ్మంలోనే పెడతారనీ, దాని కింద చీటీ రాసే పని నీదేననీ రాశావు. "మూలన నిలబడి నిద్రపోయే తూము కాపరి అందరికీ తెగ నచ్చాడు అమ్మమ్మా, కాఫీ కప్పుల మీద కూడా వేస్తారట. ఎవరాయన?" అని అడిగావు.

ఆయన నిద్రపోలేదు.

నేనప్పుడు ఆ మరలో పిండిసంచుల ముద్రలకు చెక్క అచ్చులు చెక్కేదాన్ని. నా తమ్ముడు నీటిచక్రం పని చూసేవాడు. చలికాలంలో చక్రానికి మంచు గడ్డకడితే, తూము మూసి, ఒకరు చక్రంలోకి దిగి సుత్తితో కొట్టాలి. దిగేవాడు తన తలగుడ్డను తూము పిడికి కట్టి దిగుతాడు. పైకొచ్చి తనే విప్పుకోవాలి. అది ఉన్నంతసేపూ తూము ఎత్తి నీళ్ళు వదలరు.

తమ్ముడు చక్రంలోకి దిగిన ఓ పొద్దున అటుగా వెళ్ళాను. సుత్తి చప్పుడు లేదు. గుడ్డ మాత్రం అట్టముక్కలా బిగుసుకుపోయి వేలాడుతోంది. పైకొచ్చి మరచిపోయాడు, మతిమరుపు వెధవ అనుకుని, విప్పి తీసుకెళ్ళి పొయ్యి దగ్గర ఆరవేశాను. వాడు లోపల చేతులు రుద్దుకుంటూ కాసేపు ఆగి ఉంటాడు. కాపరి వచ్చి పిడి చూశాడు. గుడ్డ లేదు. తూము ఎత్తాడు. తమ్ముడు లోపల ఉండగానే చక్రం తిరిగింది.

"పిడికి గుడ్డ ఉందా?" అని తరవాత యజమాని నన్ను అడిగాడు.

"నేను చూసినప్పుడు ఉందండీ" అన్నాను.

అబద్ధం కాదు. అందుకే అందరూ నమ్మారు. కాపరి నిద్రమత్తులో ఎత్తేశాడనీ, గుడ్డ నీళ్ళలో కొట్టుకుపోయిందనీ తేల్చి ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఊళ్ళో నిద్రమొహం అని పేరు పెట్టారు. మరుసటేడు యజమాని మర బొమ్మ కావాలంటే చెక్కుతున్నాను. మా అమ్మ పక్కన కూర్చుని, "ఆ కాపరి కళ్ళు మూసెయ్యవే" అంది. తెరిచిన కన్నుకు నాలుగు కోతలు కావాలి. మూసిన కన్నుకు ఒక్క గీత చాలు. గీశాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడకు చెప్పలేకపోయాను. పోయాక ఎందుకు చెప్పలేదంటే, జవాబు ఉంది కానీ బాగుండదు.

చీటీ మీద ఇలా రాయి: తూము కాపరి మేలుకునే ఉన్నాడు. గుడ్డ తీసింది ఈ బొమ్మ చెక్కిన మనిషి. కింద నా పేరు పూర్తిగా వెయ్యి. కప్పులు మాన్పించు. నిన్ను తిడతారు, పడు.

కాపరి లేడు, పోయి చాలా ఏళ్ళయింది. ఇవాళ ఆయన కూతురి దగ్గరకు వెళ్ళాను. బట్టలు కుడుతుంది. నేను చెబుతున్నంతసేపూ మిషను ఆపలేదు. దారం అయిపోయాక ఆపింది.

"గుడ్డ ఉండే ఉంటుంది, నా కళ్ళే మోసం చేశాయి అనేవారండీ నాన్న" అంది. "ఆ తరవాత నన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించలేదు. నువ్వే చూసుకోమ్మా, నా చూపు నమ్మకు అనేవారు. అప్పటికి నాకు ఆరేళ్ళు."

క్షమించమని అడగలేదు. ఆవిడకు చేతినిండా పని ఉంది, నేనొకటి పెట్టడమెందుకు.

లేచి వస్తుంటే ఆవిడే పిలిచి, లోపలి గది వైపు చూపించింది.

"అమ్మ ఉందండీ ఇంకా. ఆవిడకు నేను చెప్పను, మీరే చెప్పాలి. రేపు పొద్దున్నే రండి. పొద్దున పూట అయితే బాగా వినబడుతుంది."

రేపు వెళుతున్నాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ