తిమిరుడి ఎడమ భుజం

కొల్లేటికోట,
ఆదివారం.

చిరంజీవి శ్రావ్యకు,

ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. హైదరాబాదులో నువ్వూ వేళకు తిని ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. చెరువులో నీళ్లు తగ్గాయా అని అడిగావు. తగ్గలేదు, చేప బాగానే ఎదుగుతోంది. అమ్మ మోకాలికి ఏలూరు డాక్టరుగారి మందు పనిచేస్తోంది.

నువ్వు అట్టబొమ్మలు వేసిన నాలుగు కామిక్స్ పుస్తకాలూ అందాయి. ఎలా ఉన్నాయో నిజం చెప్పమన్నావు. ఆ దుర్మార్గుడు తిమిరుడు ఒక్కో అట్ట మీద ఒక్కోలా ఉన్నాడు. మొదటిదాంట్లో ఆకాశం పట్టనంత మనిషి, ఒళ్లంతా ఎర్రటి రంగు. రెండోదాంట్లో మనిషే లేడు, గోడ మీద నీడ. మూడోదాంట్లో తెల్లబట్టలు కట్టుకుని నవ్వుతూ దణ్ణం పెడుతున్నాడు. నాలుగోదాంట్లో మన కొల్లేటి గూడబాతులే గుంపుగా ఎగిరి అతని ఆకారం కట్టాయి. ఒక్కడికే ఇన్ని రూపాలు నీకెలా తోచాయా అని ఆశ్చర్యపోయాను.

తరవాత అనుమానం మొదలైంది. నాలుగింటిలోనూ ఎడమ భుజం కిందికి వాలి ఉంది. చేపల మేత బస్తాలు మోసి మోసి నాదీ అంతే కదా. అట్టలు మంచం మీద పరిచి, వెళ్లి అద్దం ముందు నిలబడ్డాను. మీ అమ్మ చూసింది.

"ఏవండీ, ఏం చూసుకుంటున్నారు?"

"వీడు నేనేనా, తులసీ?"

"బాగుందండీ! విలన్ అన్నాక ఎవరో ఒకరిలా నిలబడాలి కదా."

"నాలాగే నిలబడ్డాడు. అమ్మాయి నీకేమైనా చెప్పిందా?"

"మీకన్నీ అనుమానాలేనండీ," అంటూ లోపలికి వెళ్లిపోయింది. నవ్వు దాచుకుందేమోనని అదో అనుమానం.

అనుమానించడానికి నాకు కారణం ఉంది తల్లీ. పదకొండేళ్లుగా దాచిన మాట. తొమ్మిదో తరగతిలో నీ బొమ్మల పుస్తకం పోయిందని సరిగా అన్నం తినలేదు చూడు, అది పోలేదు. నేనే తీశాను. మీ అమ్మను చేసుకుని మీ ఇంటికి వచ్చిన ఏడాది అది. ఏ పేజీ తిప్పినా మీ నాన్నే. పోయిన మనిషి మీద అసూయపడ్డాను. మేత షెడ్డులో రేకుపెట్టె అడుగున దాచేశాను. నీకది తెలిసిపోయిందనీ, అందుకే నన్నిలా అట్టకెక్కించావనీ అనుకున్నాను.

నిన్న ఆ పెట్టె తెరిచాను, ఆ రోజుల్లోనే నన్ను ఎక్కడైనా వేశావేమో చూద్దామని. ఆనాడు పుస్తకం సగంలోనే మూసేశాను, ఈసారి చివరిదాకా తిప్పాను. ఆఖరి పేజీలో, పడవలో కూర్చుని వల చిక్కు తీస్తున్న మనిషి ఉన్నాడు. నేనే. కింద పెన్సిలుతో, "ఈయన్ని ఏమని పిలవాలి?" అని రాసుకున్నావు.

ఇన్నేళ్లూ నువ్వు ఏ పిలుపూ లేకుండానే నాతో మాట్లాడుతుంటే, ఇష్టం లేక అనుకున్నాను. ఏమని పిలవాలో నీకు తేలకముందే పుస్తకం లాగేసుకున్నది నేనే.

రేపు ఏలూరు వెళ్లి దాన్ని కొరియర్ చేస్తాను. ఒక్క పేజీ చిరగలేదు. తిమిరుడు నేనే అయితే అలాగే ఉండనీ, మార్చకు.

ఇట్లు,
నువ్వు ఏమని పిలిచినా పలికే
ఈశ్వరప్రసాద్