పక్కన కాస్త చోటు

మార్చి 9, ఆదివారం
మధ్యాహ్నం, భోజనాలయ్యాక

చిరంజీవి తమ్ముడికి,

అక్క మనసారా దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ళు బాగున్నాయి, గొంతు అంతకంటే బాగుంది. మీ బావ ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసి, మన ఇంటి లిఫ్టు పాడైనందుకు మెట్లెక్కి వస్తున్నారు. నువ్వు అక్కడ వేళకు తిని, వేళకు పడుకుంటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న చేరింది. పోటీ జరిగినన్నాళ్ళూ మీ దగ్గర ఫోన్లు ఉంచరని విన్నప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ నీచేత కలం పట్టించి ఉత్తరం రాయించారంటే ఆ టీవీవాళ్ళకి దణ్ణం పెట్టొచ్చు. మనుషుల ఒంటి మీద అంత నాజూగ్గా గీసేవాడు కాగితం మీద కోడి కెలికినట్టు రాశాడేమిటని మీ బావ ఒకటే నవ్వడం.

అమ్మని ఆ కార్యక్రమం చూడనివ్వొద్దని రాశావు. ఆ ముక్క పోటీ మొదలవకముందు రాయాల్సింది. ఇప్పుడు శనివారం సాయంత్రమైతే చాలు, అమ్మ కుర్చీ టీవీకి ఎదురుగా లాక్కుని కూర్చుంటోంది. ఎవరైనా అడ్డం నడిస్తే, "నువ్వేమైనా గాజు మనిషివా, నీలోంచి చూడ్డానికి?" అని కసురుతోంది. అలాగని పచ్చబొట్ల మీద అమ్మ మనసు మారిందనుకోకు. "మోకాళ్ళ మట్టి పోయేదాకా సబ్బు పెట్టి రుద్ది రుద్ది పెంచిన ఒళ్ళు. దాన్ని నల్లబల్ల చేసుకొచ్చాడు" అని ఇప్పటికీ అంటుంది. కానీ ఆ గుండు జడ్జి నిన్ను ఒక్క మాట అన్నాడా, అయిపోయాడే. నీ బొమ్మలో నీడలు బురదగా ఉన్నాయని ఆయన అన్న రోజున, "తల మీద వెంట్రుకే నిలబెట్టుకోలేనివాడివి, మావాడి గీతలకి వంక పెడతావా?" అని టీవీతో పోట్లాటకి దిగింది. పచ్చబొట్లు వద్దు గాని, పచ్చబొట్లు వేసే కొడుకుని ఎవరూ ఏమీ అనకూడదు. కాకిపిల్ల కాకికి ముద్దని నేను నోరుజారితే, "అంటే నేను కాకినా?" అని నా మీద కూడా అలిగి కూర్చుంది.

పై అంతస్తు మాస్టారు కూడా తమ టీవీ పాడైందని మన ఇంటికే వస్తున్నారు. మిగతా రోజుల్లో ఆ పాడైన టీవీలోంచే వార్తలు మన పైకప్పు అదిరేలా వినిపిస్తుంటాయి. ఆయన వాదన ఆయనది. "గోడ మీద బొమ్మ వేస్తే జరిమానా వేస్తారు, మనిషి మీద వేస్తే బహుమతి ఇస్తారా?" అంటారు. బొమ్మలు వెయ్యడాన్ని పరుగుపందెం చేసేశారని ఆయన బాధ. చెరగని బొమ్మకి గడియారం పెట్టి, గంట కొట్టగానే సూది దించమనేవాళ్ళకి బుద్ధుందా అంటారు. ఆ ఒక్క మాటలో నేను ఆయన పక్షమే. మీ బావ ఏమో ఇదంతా నాటకమనీ, గెలిచేదెవరో ముందే రాసిపెట్టుకుంటారనీ అంటారు. అంటూనే ప్రేక్షకుల ఓట్లు మొదలవగానే అందరికంటే ముందు ఫోను తీస్తారు. నాటకమైతే మీ ఓటెందుకండీ అని అడిగితే, నాటకంలో అయినా మనవాడే గెలవాలి కదా అన్నారు.

నిన్నటి భాగం చూశాం. ఆ తోటపని ఆవిడ పక్కటెముకల మీద నువ్వు కొంగని వేస్తున్నావు. ఎముక మీద చర్మం పలచన, నొప్పి ఎక్కువ. ఆవిడ పళ్ళు బిగబట్టుకుని, ఆపమని అడగడానికి మొహమాటపడుతోంది. నువ్వు అడిగించుకోకుండానే సూది పక్కన పెట్టేశావు. పక్కవాళ్ళందరూ తలెత్తకుండా గీస్తున్నారు, గడియారం పరిగెత్తుతోంది, నువ్వు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆవిడతో చామంతి మొక్కలకి పట్టే చీడ గురించి మాట్లాడుతున్నావు! మాస్టారు "మనవాడి పని అయిపోయింది" అన్నారు. అమ్మ కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కుంది. గంట కొట్టేసరికి కొంగకి ఒక రెక్క సగమే అయింది. ఇది పోటీ, పరామర్శ కాదు అని గుండాయన అన్నప్పుడు మీ బావ బల్ల గుద్దితే, ఇదంతా నాటకమన్న ఆ మనిషి లుంగీ మీదే టీ అంతా ఒలికింది. మిగతా ఇద్దరు జడ్జీలు నీ వైపు నిలబడ్డారు కనక చివరి పోటీకి చేరావు.

నేను ఆ రెక్క చూడలేదురా. నీ చేతులు చూశాను. చర్మాన్ని ఎంత సాగదీయాలో అంతే సాగదీశావు. తొడుగులు మార్చకుండా దేన్నీ ముట్టుకోలేదు. ఇన్నేళ్ళుగా చర్మంతోనే కదా నా పని, ఆ మాత్రం తెలియదా? ఇంటికొచ్చాక చెబుదామంటే, ఇంటికొస్తే మనకి పోట్లాడుకోవడంతోనే సరిపోతుంది. అందుకే ఇక్కడ రాసేస్తున్నాను.

ఓడిపోతే దుకాణం ఎత్తేసి వేరే పని చూసుకుంటానని రాశావు. ఆ వాక్యం మాత్రం అమ్మకి చదివి వినిపించలేదు. నువ్వు ఈ పని నేర్చుకునే రోజుల్లో ఇంట్లో నారింజకాయ కనబడితే దాని తొక్క మీద సూదితో లంగరో గుడ్లగూబో వేసేవాడివి. మేం తిందామని తీస్తే గుడ్లగూబ మా వంక గుడ్లురిమి చూసేది. అమ్మ తిట్టుకుంటూ వలిచేది, తిట్టుకుంటూనే మర్నాడు మళ్ళీ నారింజలు తెచ్చేది. అంత తేలిగ్గా ఎత్తేసే పనేనా ఇది? దీని గురించి నీకొక సంగతి చెప్పాలి. తీరిగ్గా చదువు.

నువ్వు వెయ్యడం, నేను చెరపడం. ఒకే కడుపున పుట్టి ఒకరి పనికి ఒకరం ఎదురు. మా చర్మవ్యాధుల ఆసుపత్రి లేజరు గదిలో బల్ల మీదకి వచ్చే అందరిదీ ఒకటే పాట, ఎందుకు వేయించుకున్నానో ఏమో సిస్టర్ అని. విడిపోయిన ప్రియురాలి పేరు, అక్షరం తప్పుపడిన సూక్తి, పందెం ఓడి వేయించుకున్న తేలు. ఆ యంత్రం టపటపమంటుంటే, కాలిన వెంట్రుకల వాసన కొడుతుంటే, వాళ్ళు మూలుగుతూ నా చెయ్యి నలిపేస్తుంటే నాకు అనిపించేది ఒక్కటే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? నీతో ఎప్పుడూ అదే అన్నాను. నువ్వేమో, నీ దగ్గరికి వచ్చేది జారిపడ్డవాళ్ళే అక్కా, నిక్షేపంగా నడిచి వెళ్ళేవాళ్ళు నీకెలా కనబడతారు అనేవాడివి. మాటకారి వెధవ్వి అని కొట్టిపారేసేదాన్ని.

మా ఆసుపత్రి వీధి చివర బేకరీ నడిపే ఆవిడ ఉంది. మొదటి భర్త జబ్బుచేసి పోయి చాలాకాలమైంది. పెళ్ళైన కొత్తలో వేయించుకున్న ఆయన పేరు ఆమె ముంజేతి మీద ఉంది. పొయ్యిలోకి ట్రేలు తోసేటప్పుడు చేతులు పైకి మడుచుకుంటుంది కనక రొట్టె కొనేవాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. ఇప్పుడు సైకిళ్ళు బాగుచేసే ఆయనతో ఆమెకి పెళ్ళి కుదిరింది. ఇద్దరూ నడివయసువాళ్ళే. ఎవరూ అడగకుండానే ఆమె మా దగ్గరికి వచ్చింది. ఒకాయన పేరు చేతి మీద ఉంచుకుని ఇంకొకాయన చెయ్యి పట్టుకోవడం న్యాయం కాదు కదా సిస్టర్ అంది. నాకూ సబబుగానే తోచింది.

మొదటి విడతకి పేరు పలచబడింది. రెండో విడతకి ఆయన కూడా వెంట వచ్చాడు. వేళ్ళ సందుల్లో గ్రీజు, భుజాన ఆమె సంచి. నేను బయట కూర్చోమన్నాను. లేజరు పడగానే అక్షరాలు తెల్లగా పొంగుతాయి, కొత్తవాళ్ళు చూస్తే కాలిపోయిందనుకుంటారు. ఒక అక్షరం అయిందో లేదో ఆమె అరిచింది. ఆ అరుపు విని ఆయన తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. లేజరు వెలుగుని ఆపే కళ్ళజోడు లేకుండా రాకూడదని నేను కేకలేస్తుంటే డాక్టరుగారు యంత్రం ఆపేశారు.

ఆయన ఆ చేతిని చూసి నిలబడిపోయాడు. పొయ్యి తగిలి కాలిన చోట కట్టు మార్పించుకోవాలని చెప్పి ఆమె ఆయన్ని తీసుకొచ్చిందట. పేరు చెరిపిస్తున్నట్టు ఆయనకి అంతవరకూ తెలియదు. కోప్పడతాడనుకుని నేను చేతిలోని తడిగుడ్డ పక్కన పెట్టి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన బల్ల పక్కన గొంతుకూర్చుని, "నా కోసమా ఇదంతా?" అని అడిగాడు. ఆమె తలూపింది. "నేను పెళ్ళికి అడిగినప్పుడు ఆ పేరు అక్కడే ఉందిగా. చూసే అడిగానుగా. ఎందుకిలా కాల్చుకుంటావు? ఆయన్ని ఉన్నచోట ఉండనీ. నాకు పక్కన కాస్త చోటిస్తే చాలు" అన్నాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. నవ్వుతూనే, "సగం పోయింది కదయ్యా, ఇప్పుడేం చెయ్యను?" అంది. డాక్టరుగారు నా వంక చూశారు. నాకు కళ్ళజోడు లోపల మసకేసి ఆయన సరిగ్గా కనబడలేదు.

మందు రాసి కట్టు కట్టి పంపించాను. ఆమె గుమ్మం దాకా వెళ్ళి ఆగి, ఈ పేరు మళ్ళీ శుభ్రంగా దిద్దేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది. చెరిపే గదిలో నిలబడి, వేసేవాళ్ళ ఆచూకీ అడిగిన మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. డాక్టరుగారు నవ్వాపుకుంటూ, "నీకు తెలుసుగా, చెప్పవమ్మా" అన్నారు. చెప్పాను. మూడు రోడ్ల కూడలిలో, కళ్ళజోళ్ళ దుకాణం పైన అన్నాను. ఇప్పుడు పోటీకి వెళ్ళాడు, వచ్చాక వెళ్ళండి, ఈలోగా చర్మం పూర్తిగా మాననివ్వండి, తొందరపడకండి అన్నాను. చెయ్యి మంచిదేనా అని సైకిళ్ళాయన అడిగాడు. "మా తమ్ముడండీ. నొప్పి పెడితే అడక్కుండానే ఆపుతాడు" అన్నాను. గొప్ప చెప్పుకోవడానికి నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు.

కనక గెలిచినా ఓడినా దుకాణం తెరవక తప్పదు. పాత పేరు దిద్దాలి, పక్కన చోటు వదలాలి. ఆ చోట్లో ఏముండాలన్నది వాళ్ళింకా తేల్చుకోలేదు. ఆయన సైకిలు చక్రం అంటున్నాడట, ఆమె చస్తే ఒప్పుకోనంటోందట. ఆ తగువు తీర్చడం కూడా నీ పనే. ఇక నేను మెత్తబడిపోయానని సంబరపడకు. తేళ్ళవాళ్ళు, తప్పుపడిన అక్షరాలవాళ్ళు రేపూ వస్తారు, వాళ్ళ తరఫున నిన్ను తిట్టడం నేను మానను.

చివరి పోటీ నాడు మేమంతా టీవీ ముందే ఉంటాం. రేపు పనికి వెళుతూ దీన్ని టపాలో వేస్తాను. అమ్మ ఆశీస్సులు. మీ బావ అడిగారని రాయమన్నారు.

ఇట్లు,
నిన్ను తిట్టే హక్కు ఎవరికీ ఇవ్వని
అక్క

తా.క.: టపాలో వేస్తానన్నది అబద్ధం. టీవీ ముందే ఉంటామన్నదీ అబద్ధమే. ఈ నాలుగు ముక్కలు మీ స్టూడియో వరండాలో, మేకప్ గది బయట కూర్చుని రాస్తున్నాను. చివరి పోటీలో మీరు బొమ్మ వెయ్యాల్సింది ముక్కూమొహం తెలియనివాళ్ళ మీద కాదురా, సొంత ఇంటి మనిషి మీద. నువ్వు అంతదాకా వస్తే, ఒంటి మీద ఇంతవరకు చుక్క సిరా పడని మనిషి కావాలని వాళ్ళు నీ ఉత్తరం రాకముందే ఫోను చేశారు. మీకు తెలియనివ్వొద్దన్నారు, అందుకే దాచాను. మీ బావ నేనొస్తానన్నారు గాని, జ్వరానికి సూదిమందు వేయాలంటేనే ఆయన్ని ఇద్దరు పట్టుకోవాలి. అమ్మ ఆయన కంటే ముందే చెయ్యి చాపింది, నమ్ముతావా? అరవై దాటినవాళ్ళు పనికిరారన్నారు. అమ్మకి ఆ వయసు మాటకే కోపం వచ్చింది. ఇప్పుడు ప్రేక్షకుల వరుసలో కూర్చుని గుండాయన ఎప్పుడొస్తాడా అని చూస్తోంది.

అలాగని మిగిలినదాన్ని కనక వచ్చాననుకోకు. ఆ ఫోను ఎత్తింది నేనే. ఇంట్లో ఎవరికీ చెప్పకముందే నా పేరు ఇచ్చేశాను. నేనంటే నేనని వీళ్ళు పోటీపడిందంతా ఆ తరవాతే.

తెర తీశాక కెమెరాల ముందు నాకు నోరు పెగలదు. అందుకే ముందు ఇది నీ చేతిలో పెడతాను, చదివాకే సూది పట్టు. ఏం వెయ్యాలో నీ ఇష్టం. వేసేది మాత్రం ఎడమ ముంజేతి లోపలివైపు వెయ్యి. బల్ల మీద పడుకున్నవాళ్ళకి నేను కళ్ళజోడు పెడుతుంటే వాళ్ళకి ముందుగా కనబడేది అదే. గంట ఎప్పుడు కొడతారో వాళ్ళని కొట్టుకోనీ. చెయ్యి వణికితే ఆపి, కాసిని మంచినీళ్ళు తాగు. నేనెక్కడికీ పోను.